రెండు ముక్కల చిన్న కీబోర్డు: తెలుగు టైపు చేసేవాళ్ళు ఏది కొనాలి?

స్ప్లిట్ కీబోర్డు, అంటే రెండు ముక్కలుగా విడిపోయే కీబోర్డు, కొనాలనుకునేవాళ్ళు మొట్టమొదట అడిగేది ‘ఏ మోడల్ మంచిది?’ అని. నన్నడిగితే అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది. మీరు తెలుగు ఎలా టైపు చేస్తారు? తెలుగు అక్షరాలు నేరుగా కీల మీదే ఉండే ఇన్‌స్క్రిప్ట్‌లోనా, ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే ఫొనెటిక్ పద్ధతిలోనా, డీటీపీ షాపుల్లో వాడే అను స్క్రిప్ట్‌లోనా? లేక పనంతా ఇంగ్లిషులోనే నడిచి, తెలుగు ఫోన్‌కే పరిమితమా? మీకు సరిపోయేది 34 కీలదో, 42 కీలదో, 58 కీలదో ఈ జవాబుతోనే దాదాపు తేలిపోతుంది. ఇంటర్నెట్లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం ఇంగ్లిషులో ప్రోగ్రాములు రాసుకునేవాళ్ళు చెప్పినవే. ‘డ’ ఎక్కడుందో వాళ్ళకు పట్టదు. మనకు పట్టకపోతే కుదరదు.

నెల్లూరు, ఒంగోలు లాంటి ఊళ్ళలో ఉండేవాళ్ళకు ఇంకో చిక్కు కూడా ఉంది. వస్తువు మీద చెయ్యి పెట్టి చూసి కొనే వీలు లేదు. ట్రంకు రోడ్డులో కంప్యూటర్ షాపుకెళ్ళి స్ప్లిట్ కీబోర్డు అంటే, రంగురంగుల లైట్లున్న గేమింగ్ కీబోర్డు తీసి ముందు పెడతారు. పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు రిచీ స్ట్రీట్‌కు పోతే కేబుళ్ళు, సోల్డరింగ్ సామాను, చిన్న కంట్రోలర్ బోర్డులు దొరుకుతాయి గానీ, తయారైన స్ప్లిట్ కీబోర్డు షోకేసులో ఉంటుందని నమ్ముకుని పోవద్దు. అంటే దాదాపు అందరూ చూడకుండా ఆన్‌లైన్లో కొనాల్సిందే. అందుకే కొనకముందే ఇంట్లో కూర్చుని పరీక్షించుకునే పద్ధతులు కూడా కింద చెప్పాను.

అసలు ఎందుకు విడగొట్టాలి

మామూలు కీబోర్డు మీద రెండు చేతులూ ఛాతీ ముందుకు, ఒకదాని పక్కకొకటి వచ్చి చేరతాయి. భుజాలు ముందుకు వంగుతాయి. మోచేతులు బయటికి, మణికట్లు చిటికెనవేలి వైపుకు ఒంపు తిరుగుతాయి. కీబోర్డును రెండు ముక్కలు చేసి భుజాల వెడల్పున పెడితే చేతులు తిన్నగా ముందుకు చాచినట్టు ఉంటాయి, మణికట్టు వంపు పోతుంది. లోపలి అంచు కాస్త పైకి లేపితే అరచెయ్యి పూర్తిగా బోర్లా తిప్పాల్సిన పని కూడా తగ్గుతుంది. దీన్నే టెంటింగ్ అంటారు. విడదీయడం, లేపడం, ఈ రెండే అసలు లాభాలు. మిగతావి అభిరుచులు.

ఇక నిలువు వరుసల సంగతి. మామూలు కీబోర్డులో ఒక వరుస కీలు కింది వరుసకు కాస్త పక్కకు జరిగి ఉంటాయి కదా, అది 1874లో రెమింగ్టన్ అమ్మిన షోల్స్ టైప్‌రైటర్ నుంచి వచ్చిన అలవాటు. లోపలి ఇనుప కడ్డీలు ఒకదానికొకటి తగలకుండా అలా పెట్టారు. ఇప్పుడు కడ్డీలు లేవు, అలవాటు మాత్రం మిగిలింది. చిన్న స్ప్లిట్ కీబోర్డుల్లో చాలావరకు కీలు నిలువుగా, వేళ్ళ పొడవును బట్టి కాస్త పైకీ కిందికీ సర్ది ఉంటాయి. చేతికి సుఖంగానే ఉంటుంది. కాకపోతే మొదట్లో కొన్నాళ్ళు ఎక్స్, సీ, బీ కీల దగ్గర వేళ్ళు తడబడతాయి. ఆఫీసులో డెడ్‌లైన్ నెత్తి మీదున్నప్పుడు మొదలుపెట్టొద్దు, అనవసరమైన టెన్షన్.

వేళ్ళు తిమ్మిర్లెక్కుతున్నాయనో, రాత్రిళ్ళు నొప్పికి మెలకువ వస్తోందనో ఈ కీబోర్డు వెతుకుతుంటే ముందు డాక్టర్‌కు చూపించండి. ఏ కీబోర్డూ మందు కాదు. కుర్చీ ఎత్తు సరిచేసుకుంటే తగ్గే నొప్పులు కూడా ఉంటాయి. డైనింగ్ టేబుల్ మీద పని చేసేవాళ్ళ భుజాలు ఎప్పుడూ పైకి లేచే ఉంటాయి. ఆ ఎత్తు మార్చకుండా వేలకు వేలు పోసి కీబోర్డు కొనడం దండగ.

అలాగే లాజిటెక్ ఎర్గో కే860, వేవ్ కీస్ లాంటివి ఒంపు తిరిగి ఉంటాయి గానీ ముక్కలుగా విడిపోవు. మణికట్టుకు కొంత మేలు చేస్తాయి, మన దేశంలో సులువుగా దొరుకుతాయి, కొత్తగా నేర్చుకునేది ఏమీ ఉండదు. ఈ మాత్రం చాలనుకునేవాళ్ళు అక్కడే ఆగిపోవచ్చు, తప్పేం లేదు.

ఖర్చు లేని పరీక్ష

ఇంట్లో పాత యూఎస్‌బీ కీబోర్డు ఒకటి మూలన పడి ఉంటుంది. లేకపోతే ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. ఒకే కంప్యూటర్‌కు రెండు కీబోర్డులు తగిలించండి. ఎడమవైపు దాని మీద ఎడమచెయ్యి, కుడివైపు దాని మీద కుడిచెయ్యి పెట్టి భుజాల దూరంలో జరిపి టైపు చెయ్యండి. విండోస్, లినక్స్‌లలో ఒక కీబోర్డు మీద షిఫ్ట్ నొక్కితే రెండో దాని అక్షరానికి కూడా పనిచేస్తుంది. మ్యాక్‌లో మామూలుగా పనిచెయ్యదు. కొన్ని రోజులు ఇలా వాడితే భుజాలకు తేడా ఉందో లేదో మీకే తెలుస్తుంది. ఇంకో సంగతి కూడా బయటపడుతుంది: బీ, వై, 6 కీలను మీరు ఏ చేత్తో కొడుతున్నారో. చాలామంది బీని కుడిచేత్తో లాగి కొడతారు. స్ప్లిట్‌లో బీ ఎడమ ముక్కలోనే ఉంటుంది. ఇన్‌స్క్రిప్ట్ వాళ్ళకు ఆ కీలో ఉండేది ‘వ’, రోజుకు ఎన్నిసార్లు వస్తుందో చెప్పక్కర్లేదు.

రెండో పరీక్ష కాగితంతో. ప్రసిద్ధమైన స్ప్లిట్ కీబోర్డుల కీల అమరికలను ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించి, అసలు సైజులో ప్రింటు తీసుకోనిచ్చే పేజీ ఈ కీబోర్డులమ్మే స్ప్లిట్‌కేబీ వాళ్ళ సైటులో ఉంది. పీడీఎఫ్ తీసుకుని జిరాక్స్ షాపుకెళ్ళండి. ‘ఫిట్ టు పేజ్’ వద్దు, నూరు శాతం సైజులోనే తియ్యమని గట్టిగా చెప్పండి, లేకపోతే కాగితానికి సరిపెట్టి చిన్నది చేసి ఇస్తారు. ఇంటికొచ్చాక స్కేలుతో రెండు పక్క కీల మధ్య దూరం కొలవండి. మామూలు ఎంఎక్స్ రకం స్విచ్‌లు (కీ కింద నొక్కుడు పడే భాగాలు) ఉన్నవాటికి 19.05 మి.మీ. ఉండాలి. సరిపోతే దాని మీద చేతులు పెట్టి, బొటనవేలు ఎక్కడ వాలుతోందో చూడండి. వేలు వాలేచోట కీ లేకుండా, అరచేతి కిందకు ముడుచుకుంటే గానీ అందకపోతే ఆ మోడల్ మీకు పనికిరాదు. చేతుల సైజు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, ఇంకొకరి రివ్యూ దీన్ని చెప్పలేదు.

కీలు ఎన్ని? ‘డ’ చెప్పే జవాబు

చిన్న కీబోర్డులో లేని కీలు ఎక్కడికి పోతాయని అందరికీ అనుమానం. ఫోన్లో ‘?123’ నొక్కితే అక్షరాల చోట అంకెలొచ్చినట్టే, ఇక్కడ బొటనవేలితో ఒక కీ పట్టుకుంటే అవే కీలు అంకెలో, బాణం గుర్తులో, బ్రాకెట్లో అవుతాయి. దీన్ని లేయర్ అంటారు. వేలు దూరం పోదు, కీయే వేలి కిందకు వస్తుంది. ఇంగ్లిషుకు ఇది బాగా కుదురుతుంది, ఎందుకంటే 26 అక్షరాలూ మొదటి లేయర్‌లోనే ఉంటాయి. లేయర్లలోకి పోయేవి గుర్తులు, అంకెలు మాత్రమే.

ఇన్‌స్క్రిప్ట్‌లో అలా కాదు. మనకు అక్షరాలే గుర్తుల కీల మీద ఉన్నాయి. చ సెమికోలన్ మీద, ట కోట్ గుర్తు మీద, య స్లాష్ మీద, డ పీ పక్కనున్న స్క్వేర్ బ్రాకెట్ మీద, ‘కొత్త’లో వచ్చే ఒత్వం ఎడమ పైమూల కీ మీద, ఋత్వం ఈక్వల్ గుర్తు మీద. ఇప్పుడు 34, 36 కీల కీబోర్డులు చూడండి. ఒక్కో చేతికి అడ్డంగా ఐదే కీలు. కుడిచేతి వైపు పీ, సెమికోలన్, స్లాష్‌లతో అంచు అయిపోతుంది. ట పోయింది, డ పోయింది. రెండూ లేయర్ కిందకు పోవాల్సిందే. వచ్చాడు, వెళ్ళాడు, వాడు, ఎక్కడ, అక్కడ, చూడు. మగవాడు ఏం చేశాడని రాసినా డ దగ్గరికి పోకుండా వాక్యం ముగియదు. ఇంత వాడే అక్షరానికి ప్రతిసారీ బొటనవేలు నొక్కిపెట్టడం నాకు సమ్మతం కాదు. అందుకని ఇన్‌స్క్రిప్ట్ వాళ్ళు ఫెర్రిస్ స్వీప్ లాంటి 34 కీల రకాన్ని ఎంత ముద్దుగా ఉన్నా పక్కన పెట్టండి.

42 కీల కోర్న్‌లో ఒక్కో చేతికి అడ్డంగా ఆరు, మూడు వరుసలు, బొటనవేలికి మూడు కీలు ఉంటాయి. ఫూస్టాన్ అనే పేరుతో పనిచేసే జపాన్ డిజైనర్ చేసిన అమరిక ఇది, ఈ చిన్న కీబోర్డుల్లో అందరికీ తెలిసినది. ఇందులో ట ఉన్నచోటే ఉంటుంది. పీ పక్కన మామూలుగా బ్యాక్‌స్పేస్ పెట్టి ఇస్తారు. దాన్ని బొటనవేలికి మార్చి, ఆ చోట బ్రాకెట్ కీ పెట్టుకుంటే డ మీకు అలవాటైన చోటికే వచ్చేస్తుంది. ఎడమ పైమూల ట్యాబ్ ఉంటుంది, దాన్ని లేయర్‌లోకి తోసి అక్కడ ఒత్వం కీ పెట్టండి. ఋత్వం, విసర్గ లేయర్‌లో ఉన్నా పర్వాలేదు. పంచాంగమో, సంస్కృత శ్లోకాలో టైపు చేసేవాళ్ళయితే తప్ప వాటితో పెద్దగా పని పడదు. ఈ మాత్రం సర్దుబాటుతో కోర్న్ మీద ఇన్‌స్క్రిప్ట్ చక్కగా నడుస్తుంది.

58 కీల రకాల్లో లిలీ58, సోఫిల్ ముఖ్యమైనవి. రెండింటికీ పైన అంకెల వరుస ఉంది. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ తెలుగు దృష్టితో చూస్తే తేడా ఉంది. లిలీ58లో రెండు ముక్కల లోపలి అంచున, కింది అక్షరాల వరుస పక్కనే, ఒక్కో కీ అదనంగా ఉంటుంది. కుడి ముక్కలో ఉన్న ఆ కీని డ చేసుకుంటే చూపుడువేలికి అందుతుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో కుడి చిటికెనవేలికి జ, చ, ట, డ, య అన్నీ పడి నానా చాకిరీ ఉంటుంది కాబట్టి ఒక్కటైనా చూపుడువేలికి ఇవ్వడం మంచిదే. సోఫిల్‌లో ఆ అదనపు కీల బదులు బొటనవేలికి ఐదేసి కీలు, తిప్పే గుండీలు రెండు ఉంటాయి. వాల్యూమ్ పెంచుకోవడానికి, పేజీ కిందికి జరపడానికి ఆ గుండీలు సరదాగా ఉంటాయి. కొన్నాళ్ళకు ఆ సరదా తగ్గిపోతుందన్నది నా అభిప్రాయం.

ఒక మాట చెప్పాలి. ఇన్‌స్క్రిప్ట్ స్ప్లిట్ కోసమే పుట్టిందా అనిపిస్తుంది. అచ్చు గుర్తులు ఎడమచేతి కింద, హల్లులు ఎక్కువగా కుడిచేతి కింద ఉంటాయి. ‘కాకి’ అని కొట్టండి: కుడి, ఎడమ, కుడి, ఎడమ. మ, న, వ ఎడమవైపు ఉన్నాయి గానీ మొత్తం మీద రెండు చేతులూ వంతులవారీగా పనిచేస్తాయి. ముక్కలు దూరంగా పెట్టినా లయ చెడదు. రిజిస్ట్రార్ ఆఫీసుల చుట్టుపక్కల రోజంతా దస్తావేజులు కొట్టేవాళ్ళు ఇన్‌స్క్రిప్ట్ వాడుతుంటే, స్ప్లిట్ లాభం వాళ్ళకే ఎక్కువ.

ఫొనెటిక్ వాళ్ళు చూడాల్సింది షిఫ్ట్

ఫొనెటిక్ పద్ధతిలో తెలుగంతా ఇంగ్లిషు అక్షరాల మీదే నడుస్తుంది కాబట్టి 36 కీలైనా, 42 అయినా అక్షరాలకు లోటు లేదు. ఇక్కడ ఇబ్బంది వేరు. ఇంగ్లిషులో పెద్దక్షరం వాక్యం మొదట్లోనో, పేరు మొదట్లోనో వస్తుంది. తెలుగు ఫొనెటిక్‌లో షిఫ్ట్ మాట మధ్యలో వస్తుంది. ‘నాటకం’లో ట, ‘కళ్ళు’లో ళ, ‘గుణం’లో ణ, అన్నిటికీ షిఫ్టే. చిన్న కీబోర్డు వాడేవాళ్ళలో ఒక పద్ధతి బాగా ప్రచారంలో ఉంది. మధ్య వరుసలోని ఎఫ్, జే కీలనే షిఫ్ట్‌గా కూడా వాడతారు. కొట్టి వదిలితే అక్షరం, నొక్కి పట్టుకుంటే షిఫ్ట్. పట్టుకున్నారా కొట్టారా అన్నది కీబోర్డు సమయాన్ని బట్టి నిర్ణయిస్తుంది. క్యూఎంకే అనే ఫర్మ్‌వేర్‌లో (కీబోర్డు లోపల నడిచే ప్రోగ్రాము) మామూలుగా పెట్టి ఉండే గడువు 200 మిల్లీసెకన్లు. వేగంగా కొట్టేవాళ్ళు ఆ గడువు లోపే రెండు కీలూ కొట్టేస్తారు. అప్పుడు ట రావాల్సిన చోట జే, టీ రెండూ పడి మాట పాడవుతుంది. ఇంగ్లిషులో అప్పుడప్పుడూ జరిగే ఈ గొడవ తెలుగులో ప్రతి వాక్యంలోనూ జరుగుతుంది.

అందుకని ఫొనెటిక్ వాళ్ళు షిఫ్ట్‌ను బొటనవేలికి ఇవ్వాలి, వేరే ఏ పనీ కలపకుండా. ఇంకా మంచి పద్ధతి ‘వన్ షాట్’ షిఫ్ట్: ఒకసారి తట్టి వదిలేస్తే తర్వాత వచ్చే ఒక్క అక్షరానికే పనిచేస్తుంది. జెడ్‌ఎంకే అనే ఇంకో ఫర్మ్‌వేర్‌లో దీన్నే స్టికీ కీ అంటారు. ఇప్పుడు బొటనవేలికి ఎన్ని కీలున్నాయన్నది అసలు లెక్క. స్పేస్, షిఫ్ట్, బ్యాక్‌స్పేస్, ఎంటర్, రెండు లేయర్లు కలిపితే ఆరు. కోర్న్‌కు చేతికి మూడు చొప్పున సరిగ్గా ఆరున్నాయి. స్వీప్‌కు రెండు చొప్పున నాలుగే. 52 కీల వాయేజర్‌కూ (దీని సంగతి కింద చెప్పాను) రెండు చొప్పున నాలుగే, అయితే దానికి పక్క వరుసలు, అంకెల వరుస ఉన్నాయి కాబట్టి సర్దుకోవచ్చు. చిన్నక్షరాల్లో కొడితే మాటలు తానే సూచించే రకం ఫొనెటిక్ వాడేవాళ్ళకు షిఫ్ట్ గొడవ తక్కువ. వాళ్ళకు సూచనల్లోంచి ఎంచుకోవడానికి బాణం గుర్తులు, అంకెలు చేతికి దగ్గరగా ఉంటే చాలు.

అను స్క్రిప్ట్‌తో పేజ్‌మేకర్‌లో పెళ్ళికార్డులు, కరపత్రాలు చేసే డీటీపీ ఆపరేటర్లకు నేను చిన్న కీబోర్డు సిఫారసు చెయ్యను. ఆల్ట్ పట్టుకుని నంబర్ ప్యాడ్‌లో కోడ్ కొట్టే అలవాటున్నవాళ్ళకు నంబర్ ప్యాడే ప్రాణం. లేయర్‌లో నంబర్ ప్యాడ్ పెట్టుకోవచ్చు, పనిచేస్తుంది. కానీ ఏళ్ళ తరబడి చేతికి పట్టిన అలవాటును మార్చుకునేంత తీరిక పెళ్ళిళ్ళ సీజన్లో ఎవరికుంటుంది? చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుల్లో ట్యాలీ మీద పనిచేసేవాళ్ళదీ ఇదే సంగతి. వీళ్ళకు మామూలు అమరికతో విడిపోయే కీబోర్డు, పక్కన విడిగా ఓ యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ మేలు. ప్యాడ్‌ను ఎడమవైపు పెట్టుకుంటే మౌస్ కూడా శరీరానికి దగ్గరవుతుంది.

టైపింగ్ పరీక్షలకు ప్రిపేరవుతున్న పిల్లలు మాత్రం ప్రస్తుతానికి దీని జోలికి రాకండి. పరీక్ష హాల్లో వాళ్ళిచ్చిన మామూలు కీబోర్డు మీదే కొట్టాలి.

ఇక్కడే రెండు చిన్న హెచ్చరికలు. ‘దీంట్లో తెలుగు వస్తుందా?’ అని చాలామంది అడుగుతారు. కీబోర్డుకు ఏ భాషా తెలియదు, ఏ కీ నొక్కారో మాత్రమే కంప్యూటర్‌కు చెబుతుంది. తెలుగు చేసేది విండోసో, లినక్సో. కాబట్టి ఏ కీబోర్డు కొన్నా తెలుగు వస్తుంది. భాష మార్చడానికి విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కాలి కదా, ఆ రెండింటినీ ఒకే కీకి ఇచ్చేయండి. రోజూ రెండు భాషల్లో రాసేవాళ్ళకు ఈ కీబోర్డుల్లో నాకు అన్నిటికంటే నచ్చిన సౌకర్యం ఇదే. రెండోది: చిన్న కీబోర్డు కొన్నవాళ్ళు పనిలో పనిగా మామూలు క్వర్టీ అమరిక వదిలేసి కోల్‌మాక్ అనే ఇంకో అక్షరాల అమరిక నేర్చుకుందామనుకుంటారు. ఆ మార్పు కీబోర్డు ఫర్మ్‌వేర్‌లో చేస్తే ఇన్‌స్క్రిప్ట్ చెల్లాచెదురైపోతుంది, ఎందుకంటే ఇన్‌స్క్రిప్ట్ కీ ఉన్న చోటును బట్టి నడుస్తుంది. మార్చాలనే ఉంటే కంప్యూటర్ సెట్టింగుల్లో ఇంగ్లిషు వరకే మార్చుకోండి, కీబోర్డు లోపల క్వర్టీనే ఉంచండి.

తయారైనదా, కిట్టా

తయారైనవాటిలో కొత్త అమరిక నేర్చుకోనక్కర్లేని రకం ఉంది. కినేసిస్ ఫ్రీస్టైల్2 అలాంటిదే. మెంబ్రేన్ కీలు (కింద మెత్తటి పొర ఉండేవి), మామూలు వరుసలు, మధ్యలో తీగతో కలిసిన రెండు ముక్కలు. ఆ తీగ 9 అంగుళాలది, 20 అంగుళాలది రెండు రకాలుగా వస్తుంది. వెడల్పాటి భుజాలున్నవాళ్ళు 20 అంగుళాలదే తీసుకోండి. కీక్రాన్ క్యూ11 కూడా మామూలు వరుసలే, అల్యూమినియం బాడీ, స్విచ్‌లు పీకి మార్చుకోవచ్చు, కీలన్నీ మనకు కావలసినట్టు మార్చుకోవచ్చు. బరువు మాత్రం ఇటుకరాయే. ఈ రెండూ ‘చిన్న’ కీబోర్డులు కావు గానీ, ఇంట్లో ఇంకెవరైనా అదే కంప్యూటర్ వాడేటట్టయితే వీటితోనే గొడవ ఉండదు.

చిన్నవాటిలో తయారై వచ్చేది జెడ్‌ఎస్‌ఏ వాయేజర్. 2023లో వచ్చింది. 52 కీలు, పలుచటి బాడీ, కేబుల్‌తోనే పనిచేస్తుంది, టెంటింగ్‌కు అయస్కాంతంతో అతుక్కునే కాళ్ళు ఇస్తారు. కీలు మార్చుకునే పేజీ చాలా తేలిక. విడుదలైనప్పటి ధర 365 డాలర్లు, దాని మీద కొరియరు, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ పడతాయి. కొరియర్ కంపెనీలు తమ చార్జీ ఒకటి విడిగా వేస్తాయి. ఆర్డరు పెట్టేముందే మొత్తం ఎంతవుతుందో అడిగి లెక్క వేసుకోండి. పాడైతే తిరిగి పంపే ఖర్చు కూడా మీదే కావచ్చు. 72 కీల మూన్‌లాండర్ కూడా వాళ్ళదే, తెలుగుకు కీలు కావలసినన్ని ఉన్నాయి గానీ బొటనవేలి కీలు చిన్న చేతులకు దూరం. కాగితం పరీక్ష ఇక్కడ తప్పనిసరి.

కోర్న్, లిలీ58, సోఫిల్, స్వీప్‌లు ఒక కంపెనీ సరుకు కాదు. డిజైన్లు అందరికీ తెరిచి పెట్టారు, ఎవరైనా బోర్డులు చేయించి అమ్మొచ్చు. అందుకే ఒకే పేరుతో వంద రకాలు తిరుగుతుంటాయి. విదేశీయులు ‘అలీఎక్స్‌ప్రెస్‌లో చవగ్గా దొరుకుతుంది’ అని రాసేది మనకు వర్తించదు, ఆ యాప్‌ను మన ప్రభుత్వం 2020లోనే నిషేధించింది. స్విచ్‌లు, కీక్యాప్‌లు (కీల పైమూతలు) మన దేశంలోని మెకానికల్ కీబోర్డు షాపుల్లో ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కిట్ (మనమే అతికించుకోవాల్సిన విడిభాగాలు) కొనేటప్పుడు అమ్మేవాణ్ణి మూడు సంగతులు అడగండి. డయోడ్లు (కీకొకటి ఉండే చిన్న భాగాలు) ముందే అతికించి ఉన్నాయా? స్విచ్‌లు పీకి పెట్టుకునే సాకెట్లు ఉన్నాయా? కంట్రోలర్ (కీబోర్డును నడిపే చిన్న బోర్డు) ఏది? పాత ప్రో మైక్రో బోర్డులకు మైక్రో యూఎస్‌బీ పోర్టు ఊడిపోవడం అందరికీ తెలిసిన రోగం, పైగా అందులోని చిప్‌లో 32 కిలోబైట్ల చోటే ఉంది. లైట్లు, స్క్రీన్, బ్రౌజర్‌లోంచి కీలు మార్చుకునే వయల్ అన్నీ అందులో పట్టవు. ఆర్‌పీ2040 చిప్, సీ టైప్ పోర్టు ఉన్నది అడిగి తీసుకోండి.

సోల్డరింగ్ రాదని భయపడనక్కర్లేదు. సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో ఇంతకంటే సన్నటి పని రోజూ చేస్తుంటారు. కిట్‌తో వచ్చిన సూచనలు ప్రింటు తీసి చేతికిస్తే చాలు. ‘ఏంది సామీ, కీబోర్డు ఇట్టా ఇరిగిపోయింది’ అని నవ్వుతారు, నవ్వనీయండి. డయోడ్ ఏ వైపు తిరిగి ఉండాలో మాత్రం దగ్గరుండి చూపించండి, తిరగబడితే ఆ కీ పలకదు.

రెండు ముక్కల్ని కలిపేది ఇయర్‌ఫోన్ వైరు లాంటి టీఆర్‌ఆర్‌ఎస్ కేబుల్ అయితే ఒక కట్టుబాటు ఉంది. కంప్యూటర్‌కు తగిలించి ఉండగా ఆ వైరు పెట్టకూడదు, పీకకూడదు. పిన్ను లోపలికి జారేటప్పుడు తప్పు చోట తగిలి షార్టయ్యి కంట్రోలర్ కాలిపోయే ప్రమాదముంది. ముందు యూఎస్‌బీ తీసి, తర్వాతే దాన్ని ముట్టుకోండి. ఇంట్లో పిల్లలున్నవాళ్ళు దీన్ని గట్టిగా పట్టించుకోవాలి.

వైర్‌లెస్ కావాలంటే జెడ్‌ఎంకే ఫర్మ్‌వేర్, ఎన్‌ఆర్‌ఎఫ్52840 చిప్ ఉన్న కంట్రోలర్లు. ముక్కకొక బ్యాటరీ, రెండింటికీ విడివిడిగా చార్జింగ్. కంప్యూటర్‌తో మాట్లాడే ముక్క, సాధారణంగా ఎడమది, తొందరగా దిగిపోతుంది. వారంలో సగం రోజులు రైల్లో, సగం ఆఫీసులో గడిపేవాళ్ళకు వైర్‌లెస్ బాగుంటుంది. వేదాయపాళెంలోనో, మాగుంట లేఅవుట్‌లోనో ఇంట్లో ఒకే బల్ల మీద పనిచేసేవాళ్ళకు అక్కర్లేని ఖర్చు. వైరే మేలు.

స్విచ్‌ల గురించి క్లుప్తంగా. ఎంఎక్స్ రకం ఎత్తుగా, 4 మి.మీ. లోతుకు దిగుతుంది, కీక్యాప్‌లు బోలెడు దొరుకుతాయి. చాక్ రకం పలుచన, 3 మి.మీ. లోతు, సంచిలో పెట్టుకోవడానికి బాగుంటుంది, కీక్యాప్‌ల ఎంపిక తక్కువ. మొదటితరం చాక్‌కు ఎంఎక్స్ కీక్యాప్‌లు పట్టవు, కలిపి ఆర్డరు పెట్టేముందు చూసుకోండి. చాక్ కీబోర్డు సన్నగా ఉంటుంది కాబట్టి మణికట్టు వెనక్కి వంగడం తక్కువ, నా ఓటు దానికే. రాత్రి షిఫ్టులో అమెరికా క్లయింట్లతో పనిచేసేవాళ్ళు టిక్కుటిక్కుమనే బ్లూ స్విచ్‌లు కొంటే ఇంట్లోవాళ్ళు ఊరుకోరు.

మన వాతావరణం మాటా చెప్పుకోవాలి. కిట్లలో చాలావాటికి కేసు ఉండదు, బోర్డు అడుగుభాగం బయటికే కనిపిస్తుంది. రోహిణి కార్తె ఎండల్లో చేతి చెమట, మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలి, రెండూ సోల్డరుకూ స్క్రూలకూ పడవు. అడుగున ఓ ప్లేటు, పక్కలకు మూతపడే కేసు ఉన్నదే తీసుకోండి, వాడనప్పుడు బట్ట కప్పండి. కీక్యాప్‌లు పీబీటీ ప్లాస్టిక్‌వి అయితే చెమటకు త్వరగా నున్నబడి మెరవవు. ఏబీఎస్‌వి మెరుస్తాయి.

నేనైతే

ఇన్‌స్క్రిప్ట్‌లో రోజూ పేజీల కొద్దీ కొట్టేవాళ్ళకు లిలీ58 చెబుతాను. అంకెల వరుస ఉంది, డకు చూపుడువేలి దగ్గర చోటుంది, నేర్చుకోవాల్సింది నిలువు వరుస, డకు ఆ కొత్త చోటు, అంతే. ప్రోగ్రాములు రాస్తూ ఫొనెటిక్‌లో తెలుగు రాసేవాళ్ళకు కోర్న్, రెండో మాట లేకుండా. అందులోనూ 42 కీలదే, పక్క వరుసలు తీసేసిన 36 కీలది కాదు. ఇద్దరిలో ఎవరికైనా సోల్డరింగ్ గొడవలు వద్దు, డబ్బుకు ఇబ్బంది లేదు అనుకుంటే వాయేజర్. నంబర్ ప్యాడ్ లేకపోతే చెయ్యి ఆడనివాళ్ళకు ఫ్రీస్టైల్2, దాని పక్కన విడి ప్యాడ్. తెలుగు టైపు చెయ్యక, ఇంగ్లిషు కోడ్ మాత్రమే రాసేవాళ్ళు స్వీప్ దాకా పోవచ్చు గానీ, అది కూడా కోర్న్ మీద ఏ కీలు అసలు ముట్టుకోవడం లేదో చూసుకున్న తర్వాతే.